ముప్పై ఆరు గింజలు, ఒక గోడ

ఆ రోజుల్లో బెజవాడలో ఎన్ని ఇళ్ళల్లో కంప్యూటర్ ఉండేదని ఎవరైనా అడిగితే, ఒక ఇంట్లో తప్పకుండా ఉండేదని నేను బైబిలు మీద చెయ్యి వేసి చెప్పగలను. కాలువగట్టు వెనక సందులో, పెంకుటింట్లో, అమ్మ కుట్టుమిషను పక్కన, కిటికీ కింద చాప మీద ఉండేది. అది నేనే. కరెంటు అక్కర్లేదు; పొద్దున్నే ప్రార్థన, రెండు పూటలా ఇంత జావ ఉంటే చాలు, చీకటి పడేదాకా నడిచేది. ఇప్పుడు మా చిన్నాన్న మనవరాలు ఒళ్ళో పలచటి యంత్రం పెట్టుకుని "అత్తమ్మా, ఇది సెకనుకు ఎన్ని లెక్కలు చేస్తుందో నీకు చెప్పినా అర్థం కాదులే" అంటుంది. నిజమే తల్లీ, కాదు. నేను ఎన్ని చేసేదాన్నో మాత్రం నాకు బాగా గుర్తుంది. నిమిషానికి ఒకటి. అదీ మధ్యలో దగ్గు రాకపోతే.

నేను బడిలో చదువుకున్నదాన్ని కాను. ఆరేళ్ళప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెకు పట్టింది. డాక్టరుగారు చెవిగొట్టం మెడలో వేసుకుని, "మెట్లు ఎక్కకూడదు, పరుగెత్తకూడదు, ఇరవయ్యేళ్ళు దాటిస్తే దేవుడి దయ" అన్నారు. మా బడేమో మేడ మీద. అలా నా చదువు మెట్ల దగ్గర ఆగి, ఇంటికి తిరిగొచ్చింది. వయసులో ఉన్నప్పుడు సంచి భుజాన వేసుకుని ఊరూరా వాక్యం చెప్పిన మా నాయనమ్మ నాకు అక్షరాలు, ఎక్కాలు నేర్పింది. కీర్తనల గ్రంథమే నా వాచకం. ఆవిడ దగ్గర ఒక్కటే చట్టం: లెక్కలో తేడా కనిపిస్తే కొట్టివేయకూడదు, ఎక్కడ తప్పామో వెతికి దిద్దుకోవాలి. (మనిషి కూడా అంతే అనేది. లెక్క నేర్పుతూ నేర్పుతూ ఎప్పుడు ప్రసంగంలోకి దిగేదో తెలిసేది కాదు.) బీజగణితం, రేఖాగణితం నాన్న నేర్పాడు. కంకిపాడు దారిలో ఒక రైసుమిల్లులో గోదాము మేస్త్రీ ఆయన. సాయంత్రం సైకిలు దిగి, ఒళ్ళంతా తవుడు ధూళితోనే నా పక్కన కూర్చుని, "ఏదీ, ఇవాళ నన్నొక లెక్కలో ఓడించు చూద్దాం" అనేవాడు. పెద్ద పెద్ద బళ్ళలో చదివినవాళ్ళకు దొరకని మాస్టర్లు నాకు ఇద్దరు దొరికారు. అందుకు నేను ఈనాటికీ దేవుణ్ణి స్తుతిస్తాను.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా, ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం మిల్లులో గోదాము పక్కగోడ కూలింది. గోడా, ధాన్యమూ కలిసి నాన్న మీద పడ్డాయి.

గోదాము గోడకు లోపల ఒక ఎర్రగీత ఉండేదట. ధాన్యం రాశి దాన్ని దాటకూడదు. ఆ వారం మబ్బు పట్టి, మిల్లు కళ్ళంలో ఉన్న రైతుల ధాన్యం తడిసిపోతుందని నాన్న గీత దాటించి పోయించాడు. సమాధుల దొడ్డిలో పాస్టరుగారు చివరి ప్రార్థన ముగించారో లేదో, మిల్లు మేనేజరుగారు పక్కాయనతో, "గీత దాటించాడండీ. ఎవరేం చేస్తారు, చేతులారా చేసుకున్నాడు" అన్నాడు. మెల్లిగానే అన్నాడు, పాపం. కానీ అమ్మ వింది. ఆ తర్వాత ఊళ్ళో అందరూ అదే మాట. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కొలత ఇచ్చి, ఒక నిట్టూర్పు విడిచి, "ఆ గీత దాటించకుండా ఉంటే సరిపోయేదమ్మా" అని వెళ్ళేవాళ్ళు. అమ్మ తలెత్తేది కాదు. నోట్లో గుండుసూదులు ఉండేవి కాబట్టి జవాబు చెప్పనవసరం లేకపోయేది. ఆ రోజుల్లో అమ్మ పని లేనప్పుడు కూడా నోట్లో గుండుసూదులు పెట్టుకునే ఉండేదని నాకు అనుమానం.

నాన్న పోయిన ఏడాదికి, ఈస్టరు వెళ్ళిన శనివారం, చిన్నాన్న వచ్చాడు. నాన్నకు తమ్ముడు, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. గోడ కూలిన పూట ఆయన కూడా మిల్లులోనే ఉన్నాడని మాకందరికీ తెలుసు. ఎందుకు వెళ్ళాడో నేనెప్పుడూ అడగలేదు. అన్నను చూడ్డానికి తమ్ముడు వెళ్ళడంలో అడగడానికేముంది? ఆ పూట నుంచీ మనిషి బాగా చిక్కిపోయాడు. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ జోకులు వేసే మనిషి, వచ్చి కూర్చుని గోడ వంక చూసి వెళ్ళిపోయేవాడు. ఆ శనివారం మాత్రం చంకలో గ్రాఫు కాగితాల చుట్ట, చేతిలో లాగరిథం పుస్తకంతో దిగాడు.

"వదినా, అన్నయ్య తప్పుందో లేదో ఆ గింజల్నే అడుగుదామనుకుంటున్నా."

అమ్మ మిషను ఆపలేదు. "గింజలు మాట్లాడతయ్యా అబ్బాయ్?"

"లెక్క కడితే మాట్లాడతయ్యి."

"మాట్లాడితే ఆయన లేచొస్తాడా?"

"రాడు. ఆ మేనేజరు నోరు మూతపడుద్ది."

అమ్మ తొక్కుడు బల్ల మీద పాదం ఆగింది. "సరే," అంది. అంతే. మళ్ళీ మిషను మొదలైంది.

సంగతేమిటంటే, విదేశాల్లో ఎవరో కొత్త పద్ధతి ఆలోచిస్తున్నారని చిన్నాన్న ఒక పత్రికలో చదివాడు. ఇసుక కానీ ధాన్యం కానీ, రాశిని మొత్తంగా ఒక ముద్ద అనుకోకుండా, ఒక్కొక్క గింజనూ విడిగా పట్టుకోవాలి. అది ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, దేన్ని తాకుతోంది, ఎంత గట్టిగా నొక్కుతోంది, అన్నీ కట్టాలి. కట్టి, కనురెప్పపాటులో కొంచెం భాగం, దాన్నే ఒక అడుగు అనుకుని, ముందుకు జరిపి, మళ్ళీ మొదటి నుంచీ అన్నీ కట్టాలి. అలా జరుపుకుంటూ పోతే రాశి ఎలా కదులుతుందో, గోడను ఎంత తోస్తుందో తెలుస్తుంది. దానికి యంత్రం కావాలి. యంత్రం హైదరాబాదులో ఉంది. లెక్కను చిల్లులుగా పొడిచిన అట్టలు రైల్లో పంపితే, వరసలో మన వంతు వచ్చేసరికి ఆరునెలలన్నారట.

"ఆర్నెల్లు ఎందుకు, మన అమ్మడు లేదూ?" అన్నాడు చిన్నాన్న నా వైపు తిరిగి. నాన్న పోయాక నన్నెవరైనా పనికొచ్చే మనిషిలా చూడటం అదే మొదటిసారి. నా గుండె (ఆ చెడిపోయిన గుండే) ఎంత గట్టిగా కొట్టుకుందంటే, డాక్టరుగారు వింటే మంచం ఎక్కించేసేవారు.

అమ్మ బొత్తాల డబ్బా తెచ్చాం. చెక్కబల్ల మీద గ్రాఫు కాగితం అంటించి, రెండు స్కేళ్ళు గోడల్లా, అడుగున ఇంకోటి నేలలా మేకులతో బిగించి, వాటి మధ్య ముప్పై ఆరు బొత్తాలు పోశాం. బల్లను కొంచెం నిలబెట్టేసరికి అవి జారి, సర్దుకుని, ఒకదానిమీదొకటి కూర్చున్నాయి. ముప్పయ్యో బొత్తం పైన చిన్నాన్న ఎర్రగీత గీశాడు. ఆ పై ఆరు బొత్తాలే మా నాన్న మీద నేరం. ఒక్కొక్క బొత్తం మధ్యలో పెన్సిలుతో చుక్క పెట్టి, చుక్కల కొలతలు నోటుబుక్కులో ఎక్కించి, బొత్తాలు అమ్మకు తిరిగి ఇచ్చేశాం. (రెండు తక్కువయ్యాయని అమ్మ చాలాకాలం అంటూ ఉండేది.) ఆ సోమవారం నుంచి చిన్నాన్నకు పరీక్షల డ్యూటీ, నెలన్నర దాకా రాలేడు. వెళ్ళే తొందరలో నాకు పద్ధతి చెప్పాడు. "రెండు గింజల మధ్య దూరం కొలువు. అది రెండింటి సగం వెడల్పులూ కలిపినదానికంటే తక్కువొస్తే, ఎంత తక్కువో ఈ నాలుగో వరసలో రాయి. దాన్ని గట్టిదనంతో హెచ్చవేస్తే నొక్కుడు వస్తుంది. అర్థమైందా?" అర్థమైందన్నాను. బస్సుకు వేళయింది, వెళ్ళిపోయాడు.

ముప్పై ఆరు అంకెలు గుర్తుపెట్టుకోవడం విసుగని, నేను గింజలకు పేర్లు పెట్టుకున్నాను. మా సంఘంలో వాళ్ళ పేర్లే. పాస్టరమ్మగారు, డోలక్ అన్నయ్య, పెద్దగొంతు అక్క, ఎవరి ప్రార్థనా పూర్తికాకముందే ఆమెన్ అనేసే ఆమెన్ తాతగారు, కానుక సంచి పట్టే మామయ్యగారు. అంతమంది పక్కపక్కన ఒదిగి కూర్చుంటే నా చాప మీద రోజూ ఆదివారమే. రెండోరోజు మధ్యాహ్నం మొదటి చిక్కు వచ్చింది. డోలక్ అన్నయ్యకూ పెద్దగొంతు అక్కకూ మధ్య దూరం తక్కువొచ్చింది. అంటే, ఒకరు ఉన్న చోటులోకి ఇంకొకరు కాస్త దిగబడ్డారు. నేను బిత్తరపోయాను. రెండు వస్తువులు ఒకే చోట ఎలా ఉంటాయి? పైగా మా మందిరంలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. మధ్యలో చాప వెడల్పు దారి వదిలి కూర్చుంటారు. ఎక్కడో నేనే తప్పు కట్టానన్నమాట! నాయనమ్మ చట్టం గుర్తొచ్చింది. కొట్టివేయకూడదు, దిద్దుకోవాలి. అన్నయ్యను సగం ఇటు, అక్కను సగం అటు జరిపి, మర్యాదగా అంచు అంచూ ఆనేటట్టు కూర్చోబెట్టాను. నాలుగో వరసలో సున్నా పెట్టాను. ప్రాణం కుదుటపడింది.

కుదుటపడింది కానీ, అక్కను అటు జరిపేసరికి ఆవిడ పోయి ఆమెన్ తాతగారి ఒళ్ళో కూర్చుంది. తాతగారిని జరిపితే పాస్టరమ్మగారి మీదికి వచ్చారు. ఆవిడను జరిపితే గోడలోకి దిగింది. ఒక్కొక్క అడుగుకూ ముప్పై ఆరుగురినీ ఒకరికొకరు ఎడంగా సర్దేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. ఆ నెలన్నరా నేను పడ్డ పాటు పెళ్ళిలో బంతులు సర్దేవాళ్ళు కూడా పడి ఉండరు. పాస్టరుగారు ఒకసారి పరామర్శకు వచ్చి, "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని అడిగితే, నాయనమ్మ, "చదువా పాడా అయ్యగారూ, పొద్దస్తమానం బొత్తాలకి కూర్చోటాలు నేర్పుతంది" అంది. ఆయన నా నోటుబుక్కు చూసి, ఏదో పంచాంగం లాంటిదేమోనని భయపడ్డట్టున్నారు. ప్రత్యేకంగా నా కోసం ప్రార్థన చేసి వెళ్ళారు.

చిన్నాన్న వచ్చేసరికి నలభై పేజీలు నింపాను. నాలుగో వరస పై నుంచి కింది దాకా సున్నాలే. ఒక్క తప్పు లేదు. ఎర్రసిరాతో గీతలు కూడా కొట్టి, పేజీ పేజీకీ మూల "స్తోత్రం" అని రాసి, రెండు చేతులతో అందించాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి పేజీలు తిప్పాడు. తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"అమ్మడూ, గోడ మీద నొక్కుడెంత వచ్చింది?"

"సున్నా చిన్నాన్నా!"

"గీత దాటిస్తే?"

"అప్పుడూ సున్నానే!"

"ఈ నాలుగో వరసలో తేడా రాయమన్నాను కదమ్మా."

"వచ్చినయ్యి చిన్నాన్నా. చాలా వచ్చినయ్యి. అన్నీ దిద్దేశా."

ఆయన గుమ్మం మీద కూలబడ్డాడు. "ఆ తేడానే తల్లీ మనకు కావాల్సింది. రెండు గింజలు నొక్కుకుంటే రవ్వంత ఒకదాంట్లోకి ఒకటి దిగుతయ్యి. ఎంత దిగితే అంత బరువు మోస్తున్నట్టు. నువ్వు అందర్నీ మర్యాదగా విడదీసి కూర్చోబెట్టావు. నీ లెక్కలో ఒకళ్ళ బరువు ఒకళ్ళకి తెలీదు" అంటూనే నవ్వడం మొదలుపెట్టాడు. డోలక్ అన్నయ్య, పెద్దగొంతు అక్క సంగతి చెప్పేసరికి మరీ ఎక్కువైంది. నాన్న పోయిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. మిషను ఆపి అమ్మ కూడా వచ్చి చూసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎంతసేపటికీ ఆగకపోయేసరికి, అది ఎప్పుడో నవ్వు కాకుండా పోయిందని మాకు అర్థమైంది. అమ్మ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను నా నలభై పేజీలు ఒళ్ళో పెట్టుకుని, ప్రపంచంలో ఇంత తెలివితక్కువ కంప్యూటర్ ఇంకోటి ఉంటుందా అనుకుంటూ కూర్చున్నాను.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పేర్లు పెట్టుకోలేదు. పేర్లు లేకపోయినా సుఖంగా లేదు. తేడా వచ్చినప్పుడల్లా దిద్దకుండా రాయాలి, రాసి హెచ్చవేయాలి, ఎవరు ఎవర్ని ఎంత నొక్కుతున్నారో ఒప్పుకోవాలి. అడుగు బొత్తానికి, గోడ పక్కన ఉన్నదానికి, అంకెలు అన్నిటికంటే పెద్దవి వచ్చేవి. ఆ వరస దగ్గరికి వచ్చేసరికి నాకు పెన్సిలు ముందుకు సాగేది కాదు. నాన్న మీద ఎంత బరువు పడి ఉంటుందో అప్పటిదాకా నేను ఊహించుకోకుండా తప్పించుకున్నాను. ఇప్పుడు దశాంశాలతో సహా నా చేతులతో నేనే రాస్తున్నాను. ఒక శనివారం చిన్నాన్న అది గమనించి, "ఆ ఒక్క గింజ నాకొదిలెయ్ అమ్మడూ, నేను చేస్తాలే" అన్నాడు. వద్దన్నాను. కీర్తన ఒకటి లోపల చదువుకుంటూ చేసేదాన్ని. చేశాను.

వానలు మొదలయ్యేసరికి మొదటి జవాబు వచ్చింది. ముప్పై గింజలతో గోడ అడుగున ఎంత తోపు ఉందో, ముప్పై ఆరుతోనూ దాదాపు అంతే ఉంది. నేను మళ్ళీ ఎక్కడో దిద్దేశానేమోనని భయపడి రెండుసార్లు కట్టాను. అంతే. చిన్నాన్న చూసి, గ్రాఫు మీద వేలు పెట్టి అమ్మకు చెప్పాడు. "పైన పోసిన బరువంతా అడుక్కి దిగదు వదినా. గింజలు ఒకదానికొకటి ఆనుకుని, దారిలోనే గోడల పొడుగునా పంచేస్తయ్యి. గీత దాటించినందుకు గోడకు కొత్తగా పడిందేం లేదు. ముప్పై ఆరు గింజల లెక్కే ఇది, గోదాము మొత్తం కాదు. అయినా నేను నమ్ముతున్నా. అన్నయ్య తప్పు లేదు."

అమ్మ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండులో గుచ్చింది. "నాకు తెలుసు," అంది. ఆ సాయంత్రం అమ్మ వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏడాదిన్నర తర్వాత. నేను ఎన్ని స్తోత్రాలు చెల్లించానో లెక్కలేదు (నా బతుకులో నేను లెక్క కట్టనిది అదొక్కటే).

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఒక ప్రశ్న మిగిలింది కదా: గీత దాటించడం వల్ల కాకపోతే, మరి గోడ ఎందుకు కూలింది? చిన్నాన్న ఆ ప్రశ్న ఎత్తలేదు. నేనే ఎత్తాను, బడికి పోని పిల్లల పంతం అలాంటిది. గోదాము వాకిలికి తలుపు ఉండదు, పలకలు ఒకదానిమీదొకటి అడ్డంగా పేర్చి ఉంటాయని నాన్న చెప్పేవాడు. "అడుగు పలక తీస్తే ఏమవుద్దో కడదామా చిన్నాన్నా?" అన్నాను. ఆయన లాగరిథం పుస్తకం మూసి, "నీ ఇష్టం" అన్నాడు. స్కేలు అడుగున ఒక మూల ఖాళీ వదిలి మొదలుపెట్టాను. గింజలు ఆ మూలకు జారడం ఆరంభించాయి. మూడో అడుగులో, నాలుగో అడుగులో, రాశిలో ఆనుకున్న ఆనికలు తెగి, అన్నీ ఒక్కసారి పక్కకు ఒరిగాయి. పక్కగోడ మీద తోపు ఇంతలంతలైంది. ఏ తప్పూ లేదు. దిద్దడానికి ఏమీ లేదు.

శనివారం మధ్యాహ్నం ఆ పేజీ చిన్నాన్న చేతికిచ్చాను. ఆయన చూశాడు. చాప మీద నా ఎదురుగా కూర్చుని, కిటికీలోంచి వాన చూస్తూ, చాలా మామూలుగా చెప్పాడు.

"ఆ రోజు అడుగు పలక తీసింది నా మూలంగానే. నాకొక బస్తా పాత ధాన్యం కావాలన్నా. పాతది అడుగునే ఉంటది కదా. అన్నయ్య పలక తీశాడు. బస్తా నిండింది, మూతి కట్టడానికి పురికొస తెమ్మని నన్ను బయటికి పంపాడు. నేను పురికొస తెచ్చేసరికి..." ఆగాడు. "గీత మీదకి నేరం పోయిందని లోపల్లోపల సంతోషించా అమ్మడూ. ఏడాది పాటు. ఆ సంతోషం భరించలేక ఈ లెక్క మొదలుపెట్టా."

పాత ధాన్యం. మా వైపు జ్వరం పడి లేచినవాళ్ళకు కొత్త బియ్యం అరగవని, పాత బియ్యం జావ పెడతారు. మా ఇంట్లో, ఆ ఫిబ్రవరిలో, జ్వరం పడి లేచింది నేనొక్కదాన్నే. "పాత బస్తా ఎవరికి చిన్నాన్నా?" అన్నాను. ఆయన గోడ వైపు తిరిగాడు. చెప్పకుండా ఉండటం కోసమే ఏడాదిన్నర నుంచీ గోడల వంక చూస్తున్నాడని అప్పుడు తెలిసింది.

మిషను ఆగింది. "దాన్నెందుకు చూస్తావు, నన్ను చూడు అబ్బాయ్," అంది అమ్మ. "నువ్వు నీ అంతట నువ్వెళ్ళావా? ఆ పొద్దున బస్సెక్కి వచ్చినవాణ్ణి కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా, మీ అన్నయ్య దగ్గరికి పోయి పాత ధాన్యం పట్రమ్మని పంపింది నేను కాదూ? సాయంత్రం ఆయనే తెచ్చేవాడు. నాకే తొందర. ఎవరన్నా గీత మాటెత్తితే, పోన్లే, ఇది బైటికి రాకుండా ఉందిలే అనుకుని సూదులు కరుచుకుని కూర్చున్నా. ఆయన పేరు పాడవుతున్నా కూర్చున్నా. అది నీ పాపమా, నా పాపమా?"

"నాది వదినా. అడిగింది నేను."

"పంపింది నేను."

"ఆగండెహె!" వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ. చేతిలో గరిటె. "కొత్త బియ్యం పెడితే పిల్ల దక్కదని మూడ్రోజులు నీ పెళ్ళాం చెవిలో, నీ చెవిలో పోరమని వాడి చెవిలో పోరింది ఎవరనుకున్నారు? వాడు నా కొడుకు కాదూ? ఇద్దరూ నేనంటే నేనని పంచుకుంటన్నారు, ఈ ఇంట్లో ముసల్దొకటి ఉందన్నా గుర్తులేదా మీకు?"

పెళ్ళాం ఎవరిదో, కొడుకు ఎవడో ఆవిడ కోపంలో కలగాపులగం చేసింది, ఎవరూ దిద్దలేదు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బంధువులు బస్సు టిక్కెట్టు నేను తీస్తానంటే నేను తీస్తానని చేతులు పట్టుకుంటారే, అలా, ఆ నేరం నాదంటే నాదని గట్టిగా పోట్లాడుకుంటున్నారు. వాళ్ళను ఆపుదామనుకుని, నేను పెద్ద మనిషిలాగా, "అసలు తినాల్సింది నేను కదా," అన్నాను.

ముగ్గురూ ఒక్కసారి నా వైపు తిరిగి, "నువ్వు నోర్ముయ్!" అన్నారు.

తర్వాత మొదట నాయనమ్మే నవ్వింది. ఆ తర్వాత ఏం జరిగిందో వివరంగా చెప్పలేను. గరిటె కింద పడటం, అమ్మ మిషను మీద తల ఆన్చడం, చిన్నాన్న లేచి వెళ్ళి అమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చోవడం గుర్తున్నాయి. "కూతురికని తెలిసి పలక ఆయనే తీశాడు," అంది అమ్మ తలెత్తి. "మనుషులున్నారు కదా, చెప్పి తీయించొచ్చు. తనే తీశాడు." అందులో ఓదార్పు ఏముందో నాకు అప్పుడు తెలియలేదు. అమ్మ గొంతులో మాత్రం ఉంది.

తర్వాత మేనేజరుగారికి చిన్నాన్న మొదటి లెక్కా, రెండో లెక్కా రెండూ రాసి పంపాడు, పలక తీయమని అడిగింది తానేనన్న సంగతితో సహా. జవాబు రాలేదు. గీత మాట మాత్రం మెల్లిగా మా సందులోంచి వెళ్ళిపోయింది. అమ్మే దాన్ని పంపించేసింది. ఎవరన్నా ఎత్తితే, "కాదండీ, మా అమ్మాయి కోసం పాత ధాన్యం తీస్తుండగా పోయారు" అని చెప్పేది, జాకెట్టు చేతి కొలత తీసుకుంటూ.

ఇక లెక్క చాలమ్మడూ, ఆపెయ్ అన్నాడు చిన్నాన్న. ఆపేశానని చెప్పాను. అబద్ధం, దేవుడు క్షమించాలి. నాలుగో అడుగు దగ్గర ముప్పై ఆరు గింజలూ గాల్లో, సగం ఒరిగి, సగం జారుతూ ఉండిపోయాయి. వాటిని అలా వదిలేసి బీరువాలో పెట్టి తాళం వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఎవరికీ అక్కర్లేని ఆ లెక్కను, మధ్యాహ్నాలు నాయనమ్మ కునుకు తీస్తున్నప్పుడు, ఒక్కొక్క అడుగే కట్టుకుంటూ వచ్చాను. వానలు వెళ్ళాయి, కోతలు వచ్చాయి, క్రిస్మస్ నక్షత్రాలు కట్టారు. జారేవి జారాయి, ఆగేవి ఆగాయి. ఒకటి చాలాకాలం అటూ ఇటూ ఊగి, పక్కదాని మీద ఆనుకుని, ఊరుకుంది. చివరి పేజీలో ముప్పై ఆరింటికీ వేగం దగ్గర సున్నా వచ్చింది. ఈసారి దిద్ది పెట్టినవి కావు, వాటంతట అవి వచ్చినవి. కింద తారీఖు వేసి, నోటుబుక్కు మూసి, వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టాను. ఇరవై దాటదన్న గుండె ఇప్పటికీ కొట్టుకుంటోంది. ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. బొత్తాలు కూడా కావు, వట్టి పెన్సిలు చుక్కలు. వాటిని కింద పడకుండా దించడానికి ఆరునెలలు పట్టిందంట దానికి.